ఆరు లైబ్రరీలు, ఒకే కేటలాగు, తిరిగే సంచులు: ప్రాజెక్టు డైరీ

ఒకే ప్రాంతంలోని ఆరు పబ్లిక్ లైబ్రరీల పుస్తకాలను ఒక్క కేటలాగులోకి తెచ్చి, ఒక చోట పాఠకుడు అడిగిన పుస్తకాన్ని ఇంకో చోటి నుంచి సంచిలో తెప్పించి ఇచ్చే ఏర్పాటు ఇది. ఇలాంటి పనికి దిగేవాళ్లు వాడుకుంటారని రాస్తున్నాను కాబట్టి ఏది చెడింది, ఎంత కొలిచాం, ఏం మార్చాం అన్నవే ఎక్కువ ఉంటాయి. మీటింగులు, ప్రారంభోత్సవం, శాలువాలు ఇందులో లేవు.

లైబ్రరీలకు పేర్ల బదులు అక్షరాలు వాడుతున్నాను. రికార్డుల ప్రకారం మొదలుపెట్టేనాటికి ఉన్న ప్రతులు:

అ: 41,200
ఆ: 18,600
ఇ: 12,900
ఈ: 9,400
ఉ: 7,300
ఊ: 5,100
మొత్తం: 94,500

ఈ మొత్తాన్ని అప్పుడే నమ్మకండి. ముందుకు పోయేకొద్దీ తగ్గుతుంది.

దశ 1: ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లదే, వెతకడం మాత్రం కలిపి

మొదట ఎంచుకున్న పద్ధతిలో ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉంటుంది. పాఠకుడు ఒక పేరు కొట్టగానే ఆరు చోట్లకీ ఒకేసారి ప్రశ్న వెళ్తుంది, జవాబులన్నీ ఒకే తెరమీద కనిపిస్తాయి. ఇందుకు జడ్39.50 అనే ప్రోటోకాల్ ఉంది. ఐఎస్ఓ 23950 అన్నా అదే. లైబ్రరీలు ఒకదాని నుంచి ఒకటి రికార్డులు దించుకోవడానికి దశాబ్దాలుగా దాన్నే వాడుతున్నాయి. ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు కాబట్టి ఆరుగురూ వెంటనే ఒప్పుకున్నారు.

50 శీర్షికలతో పరీక్షిస్తే జవాబు రావడానికి పట్టిన సగటు సమయం ఇది:

అ: 1.4 సెకన్లు
ఆ: 2.1 సెకన్లు
ఇ: 3 సెకన్లు
ఈ: 19 సెకన్లు
ఉ, ఊ: సాయంత్రం కంప్యూటర్ ఆపేస్తే జవాబే లేదు

అన్నిటికన్నా నెమ్మదైన లైబ్రరీ ఎంతసేపు తీసుకుంటే మొత్తం జాబితాకూ అంతసేపు పడుతుంది. 10 సెకన్లకు ఆపేస్తే 'ఈ' లైబ్రరీ పుస్తకాలు ఎప్పటికీ కనిపించవు. 25 సెకన్లు ఆగుదామంటే అప్పటికి పాఠకుడు తెర మూసేసి వెళ్లిపోతాడు. జవాబులు వేర్వేరు సమయాల్లో వస్తాయి కాబట్టి ఒకే పుస్తకం నాలుగు వరసల్లో నాలుగుసార్లు కనిపించడం ఇంకో తలనొప్పి.

ఆ పద్ధతి వదిలేసి, ఒకే డేటాబేసులో ఆరు శాఖలుగా ఉందామని నిర్ణయించాం. పరిశీలించిన లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు రెండు. ఎవర్‌గ్రీన్ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పబ్లిక్ లైబ్రరీల కూటమి పైన్స్ కోసం తయారై 2006లో వాడకంలోకి వచ్చింది. అంటే పుట్టడమే ఇలాంటి ఉమ్మడి పని కోసం. కోహా న్యూజిలాండ్‌లో హొరోఫెనువా లైబ్రరీ ట్రస్టు కోసం మొదలై 2000లో పని ప్రారంభించింది. రెండూ ఉచితమే, రెండింట్లోనూ శాఖల ఏర్పాటు ఉంది. ఆరు చిన్న లైబ్రరీలకు, సర్వర్ చూసుకోవడానికి ఒకే మనిషి ఉన్నచోట కోహా చాలనిపించింది. వంద లైబ్రరీలైతే నా జవాబు వేరేగా ఉండేదేమో. సాఫ్ట్‌వేర్ ఎంపిక మీద ఇంతకంటే సమయం పెట్టకండి, అసలు ఇబ్బందులు ఇక్కడ లేవు.

దశ 2: డేటా శుభ్రం చేయడం

ఆరు చోట్ల నుంచి ఆరు రకాల ఫైళ్లు వచ్చాయి. రెండు మార్క్ 21 రికార్డులు (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు పుస్తక వివరాలు ఇచ్చిపుచ్చుకునే రూపం), మూడు ఎక్సెల్ షీట్లు, ఒకటి యూనికోడ్‌కు ముందునాటి ఫాంటులో టైపు చేసిన జాబితా. ఆ చివరిది తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. ముందు దాన్ని కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు తారుమారైన వరసలను చేత్తో సరిచేశాం.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ముద్రించే గుర్తింపు సంఖ్య) ఉంటే ఒకే పుస్తకం రికార్డులు కలపడం సులువని అందరూ అంటారు. 94,500 వరసల్లో ఆ గడిలో ఏదో ఒకటి ఉన్నవి 38,700. చివరి అంకెతో (మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెట్టేది అది) సరిచూస్తే 35,900 నిలిచాయి, 2,800 నిలవలేదు. నిలవనివాటిని విడదీస్తే:

ముందు సున్నా గానీ చివరి ఎక్స్ గానీ పోయినవి: 1,310
ఎక్సెల్ ఘాతాంక రూపంలోకి మార్చేసినవి: 640
అసలు ఐఎస్‌బీఎన్ కానివి (ధర బార్‌కోడ్, పత్రికల ఐఎస్ఎస్ఎన్ వగైరా): 520
టైపింగ్ తప్పులు: 330

మొదటి రకాన్ని బాగుచేయవచ్చు. ఒక వరసలో 306406152 అని తొమ్మిదే అంకెలున్నాయి అనుకోండి. ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాను మింగేసి ఉండవచ్చు. లేదా పాత సాఫ్ట్‌వేర్ అంకెలే తీసుకునే రకమైతే చివరి ఎక్స్‌ను వదిలేసి ఉండవచ్చు. రెండూ పెట్టి చూడాలి. ముందు సున్నా పెడితే 0306406152. ఎడమ నుంచి వరసగా 10, 9, 8 ఇలా 1 దాకా గుణించి కూడితే 132 వస్తుంది. 11తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి ఇదే సరైనది. అదే తొమ్మిదంకెల చివర ఎక్స్ (విలువ 10) పెడితే 169 వస్తుంది, అది 11తో పోదు. రెండూ సరిపోయిన కొద్ది వరసలకు పుస్తకమే తెరిచి చూశాం.

రెండో రకం బాగుపడదు. 13 అంకెల నంబరును ఎక్సెల్ 9.78 పక్కన ఘాతాంకంగా చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపించినదే ఫైల్లోకి పోతుంది, మిగతా అంకెలు ఇక రావు. అందుకని:

1. ఎవరి నుంచి ఫైలు తీసుకున్నా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి.
2. ఇంపోర్ట్ ద్వారా తెచ్చి, ఐఎస్‌బీఎన్ నిలువు వరసను టెక్స్ట్‌గా పెట్టండి.
3. అసలు ఫైలును ఎవరూ తాకకుండా ఒక ప్రతి పక్కన ఉంచండి.

2007 జనవరి నుంచి ఐఎస్‌బీఎన్ 13 అంకెలకు మారింది. ఒకే పుస్తకం ఒక చోట 10 అంకెలతో, ఇంకో చోట 13 అంకెలతో ఉంటుంది. ముందు 978 చేర్చి చివరి అంకెను మళ్లీ లెక్కగట్టి అన్నిటినీ 13కు మార్చాం. పై ఉదాహరణ 9780306406157 అవుతుంది. చివరి 2 పోయి 7 వచ్చింది గమనించండి, 978 అతికిస్తే సరిపోదు.

ఇప్పటిదాకా: చెల్లే ఐఎస్‌బీఎన్ ఉన్న వరసలు 37,210. లేనివి 57,290.

అంటే సగానికి పైగా వరసలను శీర్షిక, రచయిత పేరుతోనే కలపాలి. ఇక్కడ తెలుగు పుస్తకాలతో వచ్చే చిక్కులు వేరు. "సాఫ్ట్‌వేర్" అనే మాటను ఒకరు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) పెట్టి టైపు చేస్తారు, ఇంకొకరు పెట్టకుండా చేస్తారు. చదివేవాళ్లకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. ఐత్వం కూడా అంతే. కొన్ని కీబోర్డులు దాన్ని ఒకే గుర్తుగా రాస్తాయి, కొన్ని రెండు ముక్కలుగా రాస్తాయి. తెరమీద తేడా తెలియదు. రచయిత పేర్లలో ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక. పొడి అక్షరాలు కొన్నిచోట్ల చుక్కలతో, కొన్నిచోట్ల చుక్కలు లేకుండా.

అసలు రికార్డును అలాగే ఉంచి, పోల్చడానికి మాత్రం పక్కన ఒక 'కీ' తయారుచేశాం:

1. యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ముక్కలను కలిపి ఒకే గుర్తుగా రాసే పద్ధతి) మార్చడం. విడిపోయిన ఐత్వం ఇక్కడ కలుస్తుంది.
2. కనిపించని జాయినర్, నాన్ జాయినర్ గుర్తులు తీసేయడం.
3. చుక్కలు, కామాలు, ఖాళీలు తీసేయడం. తెలుగు అంకెలను మామూలు అంకెలు చేయడం.
4. భాగం, సంపుటం వంటి మాటలను, వాటి పక్క అంకెను విడిగా ఒక గడిలో పెట్టడం.
5. రచయిత పేరులోని మాటలను అక్షరక్రమంలో పేర్చడం. పొడి అక్షరాలు పక్కన పెట్టడం.

మొదట కీలో ప్రచురణ సంవత్సరం కూడా ఉంది. అది తీసేశాం, ఎందుకంటే ఒక లైబ్రరీ తొలి ముద్రణ సంవత్సరం రాస్తే ఇంకొకటి పునర్ముద్రణ సంవత్సరం రాస్తోంది. దాని బదులు పేజీల సంఖ్య పెట్టి 5 పేజీల తేడా దాకా ఒప్పుకున్నాం.

కలిసినవాటిలో 300 జతలు తీసి పుస్తకాలతో సరిచూస్తే 11 తప్పు. దాదాపు అన్నీ బహుసంపుటాలే. మొత్తం సెట్‌కు ఒకే ఐఎస్‌బీఎన్ ఉండేసరికి ఒకటో భాగం, మూడో భాగం ఒకే పుస్తకమైపోయాయి. ఐఎస్‌బీఎన్ కలిసినా శీర్షిక మొదటి మాట, భాగం అంకె కూడా కలవాలన్న షరతు పెట్టాక ఇంకో 300 జతల్లో తప్పులు 2.

ఇక్కడ ఒక పక్షం ఎంచుకోవాలి. కలపాల్సినవి కలపకపోతే పుస్తకం జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది, అంతే. కలపకూడనివి కలిపితే మూడో భాగం అడిగినవాళ్లకు ఒకటో భాగం వస్తుంది, సంచి రెండుసార్లు దండగ. అనుమానం వస్తే విడిగా వదిలేయడమే మంచిది.

దశ 3: కేటలాగులో ఉంది, ర్యాక్‌లో ఉందా?

మీరు చేసేటప్పుడు దీన్నే మొదటి దశ చేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇది తప్పదు.

ప్రతి లైబ్రరీ జాబితా నుంచి 200 వరసలు ర్యాండమ్‌గా తీశాం. జాబితా పైనుంచి వరసగా తీయకూడదు, అలా తీస్తే పాత యాక్సెషన్ నంబర్లే (పుస్తకం లైబ్రరీలో చేరిన వరసలో ఇచ్చే నంబర్లు) వస్తాయి. ఇద్దరు మనుషులు, 200 వరసలు, సుమారు మూడు గంటలు. పుస్తకం ర్యాక్‌లో ఉన్నా, ఎవరి పేరు మీదో సక్రమంగా ఇష్యూ అయి ఉన్నా 'ఉంది' అని లెక్క.

అ: 187
ఆ: 181
ఇ: 172
ఈ: 190
ఉ: 148
ఊ: 193
మొత్తం: 1,200కి 1,071

పదింట్లో ఒకటి లేదు. ఉ లైబ్రరీలో అయితే నాలుగింట్లో ఒకటి లేదు. అక్కడి లైబ్రేరియన్‌ను అడిగితే దాపరికం లేకుండా చెప్పారు: "పోయిన పుస్తకాలు రిజిస్టర్ నుంచి కొట్టేయాలంటే పై అనుమతి కావాలండి. అది రాదు. అందుకని ఉన్నట్టే రాసుకుంటూ వస్తున్నాం." ఇది ఒక్క లైబ్రరీ కథ కాదు. పుస్తకం పోతే సిబ్బంది జేబుకు చిల్లు పడే నియమం ఉన్న ప్రతిచోటా కాగితం మీద స్టాక్ పెరుగుతూనే ఉంటుంది, ర్యాక్‌లో మాత్రం తగ్గుతుంటుంది. తన పాఠకులతోనే నడిచినంతకాలం ఇది పెద్దగా బయటపడదు, అందరికీ ముఖపరిచయం కాబట్టి "అది లేదులెండి" అంటే సరిపోతుంది. ఇంకో ఊరి పాఠకుడికి ఆ మాట సంచి తిరిగొచ్చాక గానీ తెలియదు.

అనుమతి గొడవలోకి వెళ్లకుండా కోహాలో 'దొరకలేదు' అనే స్థితి పెట్టాం. రికార్డు పోదు, రిజిస్టర్ మారదు, పాఠకుడికి మాత్రం కనిపించదు. ఈ ఒక్క సర్దుబాటుతో ఉ సిబ్బంది పూర్తి స్టాక్ వెరిఫికేషన్‌కు ఒప్పుకున్నారు. దొరకనివి 1,840. ర్యాక్‌లో ఉండి రికార్డే లేనివి 410.

ఇప్పటిదాకా: 94,500 లోంచి 1,840 తీసి, 410 కలిపితే 93,070.

దశ 4: బార్‌కోడ్లు

ఆరు లైబ్రరీల యాక్సెషన్ నంబర్లూ 1 నుంచే మొదలవుతాయి. 2718 నంబరు పుస్తకం ఆరు ఉన్నాయి. అందుకని ఎనిమిదంకెల బార్‌కోడ్: మొదటిది లైబ్రరీ అంకె, తర్వాత ఆరు అంకెల్లో యాక్సెషన్ నంబరు, చివర సరిచూసే అంకె. నాలుగోదైన 'ఈ' లైబ్రరీలోని 2718కి 40027187 వస్తుంది. స్కానర్ పనిచేయనప్పుడు చేత్తో కొట్టే తప్పులను ఆ చివరి 7 పట్టేస్తుంది.

లేబుల్ ఎక్కడ అంటించాలన్నది చిన్న విషయం అనుకుంటాం. అట్ట లోపల అంటించినవి 100 పుస్తకాలు స్కాన్ చేయడానికి 11 నిమిషాలు, వెనక అట్ట మీద పైభాగాన అంటించినవి 5 నిమిషాలు. బయట అంటిస్తే రుద్దుకుని గీతలు చెరిగిపోతున్నాయి కాబట్టి పైన పారదర్శక టేపు వేయాలి. నిగనిగలాడే టేపు మీద కొన్ని స్కానర్లు తడబడ్డాయి, మ్యాట్ టేపు వాడాక ఆ బాధ పోయింది. అన్నిటికీ ఒకేసారి అంటించలేదు. ఇష్యూ కౌంటర్‌కు వచ్చిన పుస్తకానికి అప్పుడే అంటించడం, ఖాళీ సమయంలో ర్యాక్ వరసన అంటించడం. ఎక్కువ తిరిగే పుస్తకాలు అలా ముందే పూర్తయ్యాయి.

దశ 5: మొదటి విడత అభ్యర్థనలు

240 అభ్యర్థనలు తీసుకున్నాక ఆపి లెక్క చూశాం. పుస్తకం అందినవి 151, అంటే 63 శాతం. అందని 89కి కారణాలు:

ర్యాక్‌లో దొరకలేదు: 41
ఇవ్వం అన్నారు (రెఫరెన్స్, కొత్తవి, అరుదైనవి): 23
అక్కడి పాఠకులే రిజర్వ్ చేసుకున్నారు: 14
జవాబే లేదు: 11

దొరకని 41లో 22 ఒక్క ఇ లైబ్రరీవే. అక్కడ కూడా పూర్తి వెరిఫికేషన్ చేస్తే 1,720 'దొరకలేదు'లోకి వెళ్లాయి. మిగతా నాలుగు చోట్ల అంత పని పెట్టుకోలేదు. ఒక నియమం పెట్టాం: అభ్యర్థన వచ్చి, ఇద్దరు వేర్వేరు మనుషులు వెతికినా దొరక్కపోతే స్థితి మార్చాలి, అదే అరలో అటు ఇటు ఉన్న పుస్తకాలు కూడా అప్పుడే సరిచూడాలి. పోయేవి ఒకే విభాగంలో గుంపుగా పోతాయి. ఇలా నాలుగు చోట్ల కలిపి 2,040 బయటపడ్డాయి.

ఇప్పటిదాకా: 89,310.

'ఇవ్వం' అన్న 23 గురించి. కొత్త పుస్తకం కొన్న లైబ్రరీ పాఠకులకు ముందు దక్కకపోతే వాళ్లు ఊరుకోరు, అందులో న్యాయం ఉంది. ఎవర్‌గ్రీన్‌లో ఇందుకోసమే ఏజ్ హోల్డ్ ప్రొటెక్షన్ అనే ఏర్పాటు ఉంది: పుస్తకం కొత్తగా ఉన్నంతకాలం బయటివాళ్ల హోల్డ్‌కు (రిజర్వేషన్‌కు) వెళ్లదు. మేం అదే సూత్రం తీసుకుని ఆరు వారాలు పెట్టాం. గడువు దాటాక ఎవరూ అడ్డు చెప్పకూడదు. ముందు 'లైబ్రేరియన్ విచక్షణ' అని రాసుకున్న ఒప్పందంలో విచక్షణ ఎప్పుడూ 'ఇవ్వం' వైపే మొగ్గింది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోందో విడదీశాం. అభ్యర్థన పెట్టిన రోజు నుంచి పుస్తకం వచ్చిందని పాఠకుడికి మెసేజ్ వెళ్లేదాకా సగటున 9 రోజులు:

అభ్యర్థన సిబ్బంది కంటపడటానికి: 3
ర్యాక్ నుంచి తీయడానికి: 1
సంచి కోసం ఎదురుచూపు: 3
దారిలో: 1
చేరాక రిసీవ్ చేసి మెసేజ్ పంపడానికి: 1

అందరూ సంచులు మోసే బండి ఎక్కువసార్లు తిరగాలన్నారు. లెక్క చూస్తే దారిలో పోతున్నది ఒక్క రోజే. మూడు రోజులు అభ్యర్థన తెరమీద ఎవరూ చూడక పడి ఉంది. కోహాలో హోల్డ్స్ క్యూ నివేదిక పొద్దున్నే తయారయ్యేలా పెట్టి, తలుపు తీయగానే దాన్ని ప్రింట్ తీసి ర్యాకుల మధ్యకు తీసుకెళ్లాలని నియమం పెట్టాం. కాగితం చేతిలో ఉంటే పని జరుగుతుంది, తెరమీద ఉంటే రేపటికి పోతుంది. అరల వరస ప్రకారం, కాల్ నంబర్ (అరలో పుస్తకం చోటు చెప్పే నంబరు) క్రమంలో ప్రింట్ కావాలి, అభ్యర్థన వచ్చిన క్రమంలో కాదు.

దశ 6: సంచి, చీటీ, దారి

బండి మొదట గుండ్రంగా తిరిగేది: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, మళ్లీ అ. 'అ' నుంచి 'ఆ'కు వెళ్లేది తొలి మజిలీలోనే దిగుతుంది, 'ఆ' నుంచి 'అ'కు వెళ్లేది ఊరంతా తిరిగి వస్తుంది. పైగా ఒక్కో లైబ్రరీ మిగతా ఐదింటికి వేర్వేరు కట్టలు కట్టాలి. ఆరు చోట్ల కలిపి 30 రకాల చీటీలు. చిన్న లైబ్రరీలో ఒక్కరే ఉంటారు, తప్పు సంచిలో వేయడం మామూలైపోయింది.

మార్చిన పద్ధతి: అందరూ ఒకే సంచిలో అన్నీ వేసి 'అ'కు పంపాలి. అక్కడ ఐదు పెట్టెల్లోకి విడదీసి మర్నాడు పంపుతారు. చిన్న లైబ్రరీల మీద పని తగ్గింది, అ మీద రోజుకు అరగంట పెరిగింది. ఆ అరగంటకు మనిషిని ఇవ్వకపోతే ఈ పద్ధతి నిలవదు.

చీటీల్లో మూడు మార్పులు జరిగాయి.

1. పుస్తకంలో విడిగా పెట్టిన చీటీ దారిలో జారిపోయింది. చీటీ లేని పుస్తకం ఎవరిదో మళ్లీ స్కాన్ చేస్తే గానీ తెలియదు.
2. రబ్బరు బ్యాండుతో కట్టాం. అట్టల అంచులు కోసుకుపోయాయి, కొన్ని బ్యాండులు ఎండిపోయి అట్టకే అంటుకున్నాయి.
3. మూడు వేళ్ల వెడల్పు కాగితపు పట్టీ చుట్టి, చివరలు పట్టీకే అంటించాం. పుస్తకానికి జిగురు తగలదు. ఇదే ఇప్పటికీ నడుస్తోంది.

పట్టీ మీద చేరాల్సిన లైబ్రరీ అక్షరం పెద్దగా, అభ్యర్థన నంబరు చిన్నగా ఉంటాయి. పాఠకుడి పేరు ఉండదు. ఎవరు ఏం చదువుతున్నారో సంచి మోసేవాళ్లకు, పక్క లైబ్రరీ వాళ్లకు తెలియనక్కర్లేదు. మొదట పేరు రాసేవాళ్లు, ఆరోగ్యం గురించిన ఒక పుస్తకం విషయంలో పాఠకురాలు అభ్యంతరం చెప్పాక ఆపేశారు.

దశ 7: ఎవరు ఎంత ఇచ్చారు

రెండో విడతలో 310 అభ్యర్థనలు. అందినవి 262, అంటే 84 శాతం పైచిలుకు. అందని 48లో దొరకనివి 17, ఇవ్వనివి 9, స్థానిక రిజర్వేషన్ 19, జవాబు లేనివి 3. సగటు సమయం 9 నుంచి 5 రోజులకు దిగింది. స్థానిక రిజర్వేషన్ కారణం పెరగడం చెడ్డది కాదు, ఆ పుస్తకాలకు గిరాకీ ఉందని అర్థం. వాటి జాబితానే కొనుగోలు కమిటీకి పంపుతున్నాం.

రెండు విడతల్లో కలిపి అందిన 413 పుస్తకాలు:

అ: ఇచ్చినవి 219, తెచ్చుకున్నవి 122
ఆ: ఇచ్చినవి 71, తెచ్చుకున్నవి 64
ఇ: ఇచ్చినవి 48, తెచ్చుకున్నవి 58
ఈ: ఇచ్చినవి 39, తెచ్చుకున్నవి 61
ఉ: ఇచ్చినవి 12, తెచ్చుకున్నవి 47
ఊ: ఇచ్చినవి 24, తెచ్చుకున్నవి 61

ఈ పట్టిక అతికించకముందు ఉ నుంచి ఒకటే ఫిర్యాదు: మా పుస్తకాలన్నీ పట్టుకుపోతున్నారని. పట్టిక చూశాక ఆ మాట మళ్లీ రాలేదు. అ లైబ్రరీ గొంతు మాత్రం పెరిగింది. తాను ఇచ్చినవి 97 ఎక్కువ, విడదీసే పనీ తనదే.

డబ్బు లెక్క పెట్టుకుందామా అన్న చర్చ వచ్చింది. దేశాల మధ్య లైబ్రరీల కోసం ఇఫ్లా (లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య) ప్లాస్టిక్ వోచర్ల పద్ధతి నడిపింది. అడిగినవాళ్లు వోచర్ పంపేవాళ్లు, ఇచ్చినవాళ్లు దాన్ని దాచుకుని తమకు కావలసినప్పుడు ఇంకొకరికి పంపేవాళ్లు. ప్రతిసారీ బిల్లు, బ్యాంకు గొడవ ఉండేది కాదు. తెలివైన ఉపాయమే, కానీ మా అంకెలకు ఆ లెక్కలు రాసే పనే ఎక్కువవుతుంది. బదులుగా రెండు మార్పులు చేశాం. ఒకే పుస్తకం చాలా చోట్ల ఉన్నప్పుడు 'అ'కు చివరి వంతు వచ్చేలా కోహాలో ట్రాన్స్‌పోర్ట్ కాస్ట్ మ్యాట్రిక్స్‌లో (ఎక్కడి నుంచి ఎక్కడికి పంపితే ఎంత ఖర్చో చెప్పే పట్టిక) దాని ఖర్చు ఎక్కువగా రాశాం. అది నిజమైన రవాణా ఖర్చే కానక్కర్లేదు, ఎవరిని ముందు అడగాలో చెప్పడానికి వాడుకోవచ్చు. రెండోది, మిగతా ఐదు లైబ్రరీలూ వంతులవారీగా ఒక మనిషిని విడదీసే పనికి పంపుతున్నాయి.

పుస్తకం పోతే, చినిగితే ఎవరిది బాధ్యత? ఇఫ్లా సూత్రాల్లో ఉన్నదే తీసుకున్నాం: ఇచ్చిన లైబ్రరీ గుమ్మం దాటిన క్షణం నుంచి మళ్లీ అక్కడికి చేరేదాకా అడిగిన లైబ్రరీదే పూచీ. దారిలో తడిసినా అంతే. దీన్ని ముందే రాసుకోండి, మొదటి పుస్తకం తడిసిన రోజున రాయబోతే కుదరదు.

గడువు, ఆలస్య రుసుము, ఒకరికి ఎన్ని పుస్తకాలు అన్నవి ఆరు చోట్ల ఆరు రకాలుగా ఉండేవి. సంచిలో వచ్చిన పుస్తకానికి మాత్రం ఒకే నియమం పెట్టి మిగతావి ఎవరివి వాళ్లకు వదిలేశాం.

దశ 8: ఆఖరి ప్రతులు

కలిపిన కేటలాగులో 89,310 ప్రతులకు తేలిన శీర్షికలు 61,300.

ఒకే లైబ్రరీలో ఉన్నవి: 44,800
రెండింట్లో ఉన్నవి: 10,200
మూడు అంతకన్నా ఎక్కువ చోట్ల ఉన్నవి: 6,300

అందరి దగ్గరా అవే పుస్తకాలుంటాయి, కలిస్తే ఏం లాభం అన్నవాళ్లకు ఈ అంకెలు చూపిస్తున్నాం. దాదాపు నాలుగింట మూడు వంతుల శీర్షికలు ఒక్క చోటే ఉన్నాయి. వీటిలో కొన్ని మా కీ పట్టుకోలేని జతలు ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య కాస్త తక్కువే, అయినా మొత్తం మీద బొమ్మ మారదు.

దీంతో పాత పుస్తకాలు తీసేసే పద్ధతి కూడా మార్చాల్సి వచ్చింది. ఇంతకుముందు స్థలం చాలక ఎవరికి వాళ్లు తీసేసేవాళ్లు. ఇప్పుడు వరస ఇది:

1. తీసేయదలచిన పుస్తకం బార్‌కోడ్ స్కాన్ చేయాలి.
2. ఇంకెక్కడైనా ప్రతి ఉంటే, ఆ ప్రతి ర్యాక్‌లో నిజంగా ఉందని అక్కడివాళ్లు చూసి చెప్పాలి. తెరమీద చూసి నమ్మకూడదు.
3. ఉంటే తీసేయవచ్చు. ఏ ప్రతి బాగుందో చూసి బాగున్నది ఉంచాలి.
4. లేకపోతే అది ఆఖరి ప్రతి. 'అ' లైబ్రరీలోని విడి గదికి పంపాలి, అది ఆరు లైబ్రరీల ఉమ్మడి సొత్తు.

రెండో మెట్టు దాటేద్దామని చాలాసార్లు అనిపిస్తుంది. పరీక్షగా స్కాన్ చేసిన 60 పుస్తకాల్లో 'ఇంకో చోట ఉంది' అని తెర చెప్పినవి 22. వెళ్లి చూస్తే ఉన్నవి 18.

ప్రస్తుతం మిగిలిన పనులు: పత్రికల పాత సంచికలు ఇంకా కేటలాగులోకి రాలేదు, బైండు చేసినవాటికి ఒక రికార్డా, సంచికకు ఒకటా అన్నది తేలలేదు. 'ఈ' లైబ్రరీలో స్కానర్ ఒక్కటే, అది పాడైతే ఆ రోజు సంచి ఖాళీగా వెళ్తోంది, రెండోది అడిగాం. 'అ'లో విడి గది అరలు సగం నిండాయి. 'ఉ'లో కొత్తగా దొరికిన 410 పుస్తకాలకు యాక్సెషన్ నంబర్లు ఇవ్వడం సాగుతోంది, 260 అయ్యాయి.